తెల్లచీరల ఎలీసమ్మ

మూడోసారి కూడా యంత్రం ఒప్పుకోలేదు. “దయచేసి కళ్ళు తెరవండి” అంది ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా.

తెరిచే ఉన్నాయి. ఎలీసమ్మ గడ్డం పైకెత్తింది. కనుబొమలు నుదుటి మీదికి ఈడ్చింది. చివరికి రెండు చేతుల వేళ్ళతో రెప్పలు పైకి పట్టుకుని నిలబడితే, చేతులు అడ్డు తీయమంది. వెనక వరసలో ఉన్న ఆడపిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. వాళ్ళనని ఏం లాభం? అమలాపురంలో అంత పేరున్న బట్టల కొట్టు, ఇరవై ఏడేళ్ళుగా పనిచేస్తున్న మనిషి వచ్చిందో లేదో గోడకి బిగించిన పెట్టెని అడుగుతోంది. సిగ్గుపడాల్సిన వాళ్ళెవరో చెప్పక్కర్లేదు.

ఎలీసమ్మకి యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి, చామనఛాయ, ఎప్పుడూ గంజిపెట్టిన నేతచీర. ముఖంలో ముందుగా కనిపించేవి రెప్పలే. పైరెప్పల చర్మం వదులై, మడతపడి, కంటి వెంట్రుకల మీదికి జారింది. తల్లి నుంచి వచ్చిన రెప్పలు. ఆ తల్లి తెల్లారకుండా నాలుగింటికి లేచి, గంజి తాగి, ఊడ్పులకి వెళ్ళేది. గట్టు మీద గొడుగు కింద నిలబడ్డ ఆసామి ఆవిణ్ణి ‘నిద్రమొహమా’ అని పిలిచేవాడు. ఆవిడ వంచిన నడుం ఎత్తకుండా ‘ఆయ్’ అనేది. ఆ ఆయ్ గుర్తొచ్చినప్పుడల్లా ఎలీసమ్మకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

“మళ్ళీ హాజరు ఎక్కలేదాండీ?” అంటూ కళ్యాణ్ వచ్చాడు. కొట్టు యజమాని కొడుకు. పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోయాక ఏడాదిగా పెత్తనం ఇతనిదే.

“ఎక్కట్లేదండి బాబూ. పుస్తకంలో సంతకం పెట్టేస్తానండి.”

“పుస్తకాలు తీసేసేం కదండీ. రూల్ అందరికీ ఒకటే. నేనూ రోజూ దీని ముందే నిలబడతన్నాను. అయినా ఆ కళ్ళ సంగతి చూసుకోమని క్లినిక్ కార్డు కూడా ఇచ్చేను. ఇవాళ బుధవారం, డాక్టరుగారొస్తారు, వెళ్ళి రండి. పెళ్ళి చీరలు కొనడానికొచ్చినవాళ్ళ ముందు నిద్రమొహం వేసుకుని కూర్చుంటే ఎలాగండీ? ఏ సంగతీ తేలకపోతే శుక్రవారం నుంచి వెనక గోడౌన్‌లో ధర చీటీలు అతికిద్దురుగాని.”

మాట అదే, గట్టు మీద ఆసామిదే. ఇతను చివర్న అండీ తగిలించాడు, అంతే తేడా. ఎలీసమ్మ చెప్పులు విప్పి, పెళ్ళి చీరల విభాగంలో తెల్లపరుపు ఎక్కి కూర్చుంది.

ఆ పరుపే ఆమె బతుకు. మొగుడు యేసురత్నం మస్కట్‌లో డ్రైవరుగా ఉన్న పదేళ్ళూ, ఆరోగ్యం చెడి తిరిగొచ్చి మంచాన పడ్డ మూడేళ్ళూ, అతను పోయాక కూతురు శారోన్ నర్సు చదువు పూర్తయ్యేదాకానూ ఎలీసమ్మ అంబాజీపేట నుంచి ఆటోలో వచ్చి ఈ పరుపు మీదే కూర్చుంది. చర్చిలో పెళ్ళయ్యే ఆడపిల్లకి తెల్లచీర కావాలంటే రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ కూడా ఆమెని వెతుక్కుంటూ వచ్చేవారు. తెలుపంటే ఒకటే రంగనుకునేవాళ్ళకి ఆమె పాలతెలుపు, మీగడతెలుపు, ముత్యంతెలుపు, నీలం పెట్టిన తెలుపు వరసగా పరిచి చూపించేది. కొట్లో దీపాల కింద అన్నీ ఒకలాగే మెరుస్తాయి. అందుకని చీరని గుమ్మం దాకా తీసుకెళ్ళి, ఎండలో పెళ్ళికూతురి భుజం మీద వేసి, తల వంచి, దారం దగ్గరికి ముఖం పెట్టి చూసేది. అలా వంగినప్పుడు రెప్పలు పూర్తిగా వాలిపోయి కళ్ళు మూసుకున్నట్టే ఉండేది.

పదకొండింటికి రాజోలు నుంచి సుప్రియ అనే పెళ్ళికూతురు, తల్లితో వచ్చింది. లావణ్య అప్పటికే వాళ్ళకి పది చీరలు చూపించింది. లావణ్య చేరి రెండేళ్ళయింది, మంచి పిల్ల, కళ్ళు ఇంతింత.

“ఎలీసమ్మగారు లేరాండీ? మా పెద్దమ్మాయి పెళ్ళికి ఆవిడే తీసేరు” అంది తల్లి.

పరుపు అవతలి చివర్నున్న ఎలీసమ్మ ఇటు జరిగి, వాళ్ళు ఎంచిన చీర పక్కన పెట్టి, కింద నుంచి ఇంకోటి లాగింది. గుమ్మంలోకి తీసుకెళ్ళింది. సుప్రియ భుజం మీద వేసి వంగి చూసింది.

“ఆ లోపలిది వద్దండి. నీలం పెట్టేరు. ఫొటోల్లో పిల్ల పాలిపోయి కనపడతాది. ఇది మీగడండి. ఎండలో చూడండి, మొహంలోకి ఎలా వెలుగొచ్చిందో.”

సుప్రియ అద్దంలో చూసుకుని నవ్వింది. తల్లి ఆ నవ్వు చూసి కళ్ళు తుడుచుకుంది. బేరం లేదు, మారుమాట లేదు. వెళ్తూ వెళ్తూ తల్లి ఎలీసమ్మ ఫోన్ నంబరు రాసుకుంది. “మీరెక్కడుంటే అక్కడికొస్తామండి అక్కగారూ. చిన్నదానిక్కూడా మీరే తియ్యాలి” అంది. ఇదంతా గల్లాపెట్టె దగ్గర నుంచి కళ్యాణ్ చూశాడు. చూసి, చీరలు గుమ్మంలోకి తీసుకెళ్ళకూడదని మరోసారి గుర్తు చేశాడు.

మధ్యాహ్నం ఎలీసమ్మ క్యారేజీ విప్పకుండానే గడియార స్తంభం వైపు నడిచింది. క్లినిక్ గోడ మీద ఒకే ఆడమనిషి ముఖం రెండుసార్లు వేసి ఉంది. మొదటి దాంట్లో ఏడుపు, రెండో దాంట్లో నవ్వు. రెప్పలు ఎత్తితే ఏడుపు కూడా పోతుంది కాబోలు అనుకుంది.

డాక్టరమ్మ రాజమండ్రి నుంచి వస్తుంది. ముప్పై ఐదేళ్ళుంటాయి, తొందరలేని మనిషి. రెప్పలు సాయంత్రానికి ఇంకా వాలిపోతాయా, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుందా అని అడిగింది. లేదంది ఎలీసమ్మ. డాక్టరమ్మ చర్మాన్ని వేలితో పట్టి చూసి, ఉన్న దారులు చెప్పింది. ఇంజెక్షన్ కనుబొమని కొంచెం పైకి లేపుతుంది, మూడు నాలుగు నెలలకి మళ్ళీ మామూలే. దారాలతో లాగి కట్టొచ్చు, అవీ ఎక్కువకాలం నిలవవు, ఇంత వదులైన చర్మానికి పనిచేయవు కూడా. ఎక్కువైన చర్మాన్ని కోసి కుట్టడం ఒక్కటే నిలిచే పని. మత్తుసూది అక్కడికే ఇస్తారు. వారానికి కుట్లు తీస్తారు, వాపు, కమిలిన మచ్చలు రెండు వారాలుంటాయి, గీత రెప్ప మడతలో కలిసిపోతుంది.

తర్వాత ఎదురుగా చూడమని, పెన్ను నుదుటి పైనుంచి మెల్లగా దించింది. కనిపించగానే చెప్పమంది. పెన్ను చాలా కిందికొచ్చాక గానీ ఎలీసమ్మకి కనపడలేదు. అప్పుడు చర్మం రంగు కాగితపు పట్టీలు రెండు తీసి, రెప్పల్ని పైకి లాగి అతికించి, పెన్ను మళ్ళీ దించింది. ఈసారి పెన్ను అంత ఎత్తున ఉండగానే ఎలీసమ్మ “ఆయ్, కనపడిందండి” అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

“రెప్పలు మీ చూపుకి అడ్డం పడుతున్నాయండి. ముందు కంటి డాక్టరుకి చూపించుకోండి, పెద్దాసుపత్రిలో అయినా చూస్తారు. ఇంతకీ ఎవరు చేయించుకోమన్నారు?”

“మా కొట్టువాళ్ళండి.”

“మీకు చేయించుకోవాలని ఉందా?”

ఆ మాట ఆమెని ఎవరూ అడగలేదు. రెప్పల గురించి ఇంతమంది ఇన్ని మాటలన్నారు గానీ, ఈ ఒక్క ముక్క అడిగినవాడు లేడు. తేడా ఎలా ఉందో సాయంత్రం దాకా చూసుకోమని డాక్టరమ్మ పట్టీలు అలాగే ఉంచి పంపింది.

బయటికొస్తే స్తంభం మీద గడియారం తల ఎత్తకుండానే కనిపించింది. కొబ్బరాకులు కనిపించాయి, కరెంటు తీగల మీద కాకులు కనిపించాయి. ఇన్నాళ్ళు ఇవన్నీ లేనట్టే బతికేసింది. చేయించుకుంటే బాగుండునని ఆ క్షణంలో ఆమెకి నిజంగా అనిపించింది. అమ్మ పోలిక పోతుందేమోనన్న బెంగ కూడా లేదు. అమ్మ పోలిక రెప్పల్లోనే ఉందా ఏమిటి?

కొట్టుకి తిరిగొచ్చి నిలబడితే, యంత్రం మొదటిసారికే ఒప్పుకుని ధన్యవాదాలు చెప్పింది. కళ్యాణ్ సంబరపడిపోయాడు. “చూసేరా! పదేళ్ళు తగ్గిపోయేరండి!” అన్నాడు. ఎలీసమ్మ నవ్వింది. అబద్ధమెందుకు, సంతోషమే వేసింది. క్యారేజీ తీసుకుని అన్నాలు తినే గదివైపు వెళ్ళింది.

గది గుమ్మం పైన బోర్డు ఉంది. సెలవుల చీటీలు అంటిస్తారని తెలుసు గానీ, అంత ఎత్తుకి చూసే అలవాటు ఆమెకి పోయి చాలాకాలమైంది. ఇప్పుడు చూసింది.

మూడు ఫొటోలు. కొట్లో సీసీ కెమెరా పైనుంచి తీసినవి. మూడింట్లోనూ తనే, తల వంచుకుని, కళ్ళు మూతపడి. కింద పెద్ద అక్షరాలతో ‘పనివేళల్లో నిద్రపోతే జీతంలో కోత’ అని ఉంది.

లావణ్య తింటున్న ముద్ద వదిలేసి లేచింది.

“ఎన్నాళ్ళయింది లావణ్యా?”

“పదిహేను రోజులైందండి పిన్నిగారూ. చెప్పడానికి నోరు రాలేదండి.”

“రోజూ దీని కిందే కూచుని తిన్నారా అందరూ?”

ఎలీసమ్మ స్టూలు ఎక్కి మూడు ఫొటోలూ పీకింది. మధ్యదాంట్లో తన చేతిలో చీర ఉంది. సన్నజరీ అంచు, ముత్యంతెలుపు. కొత్తపేట టీచరుగారమ్మాయిది. ఆ పిల్ల భుజం కూడా ఫొటో చివర సగం పడింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆమెకి అప్పుడు తెలిసింది. అవి తీసుకెళ్ళి గల్లాపెట్టె మీద పరిచింది, చీరలు పరిచినట్టే, ఒకదాని పక్కన ఒకటి.

“ఇది ముత్యంతెలుపండి. ఈ ఫొటో తీసిన పావుగంటకి అమ్ముడుపోయింది, మీరే బిల్లు కొట్టేరు. నిద్రలో చీరలమ్మేవాళ్ళని ఎక్కడైనా చూసేరా బాబూ?”

“అది… మిగతావాళ్ళకి హెచ్చరికగా ఉంటుందని అండీ. ఇప్పుడు మీ కళ్ళు బాగయ్యేయి కదా, తీసేద్దాం లెండి.”

“నేనే తీసేసేనండి. మా అమ్మని ఇదే మాటన్నారండి గట్టు మీద నిలబడి. ఆవిడ ఆయ్ అంది. నేననను.” కొనడానికి వచ్చినవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు. “శుక్రవారం పెద్దాసుపత్రికెళ్తన్నాను. కళ్ళు బాగుచేయించుకుంటాను. మీ కొట్టు కోసం మాత్రం కాదండి. రేపట్నుంచి రాను.”

తన కత్తెర, క్యారేజీ, కళ్ళజోడు సంచిలో వేసుకుంది. లావణ్య ఏడుస్తూ గుమ్మం దాకా వచ్చింది. “తెలుపు ఎండలో చూపించడం మానకే” అని చెప్పి చెప్పులు వేసుకుంది. యంత్రం ముందు ఒక్క క్షణం ఆగింది. ఎడమకంటి పట్టీ చివర గోటితో లేపి, మెల్లగా ఊడదీసింది. కుడికంటిది అలాగే ఉంచుకుని ఆటోస్టాండు వైపు నడిచింది.

మర్నాడు పొద్దున్న కళ్యాణ్ అందరికంటే ముందొచ్చి యంత్రం ముందు నిలబడ్డాడు. “దయచేసి కళ్ళు తెరవండి” అంది. పెద్దవి చేశాడు. మళ్ళీ అదే మాట. వెనక పదిమంది వరస కట్టారు. కళ్ళజోడు తీశాడు, గడ్డం ఎత్తాడు, కనుబొమలు పైకి లాగాడు. అది మాత్రం మర్యాద తప్పకుండా కళ్ళు తెరవమంటూనే ఉంది. వరసలో లావణ్య ఒక్కతే అతని ముఖం చూడడం మాని యంత్రాన్ని చూసింది. దాని గాజుకన్ను మీద, పైనుంచి సగం దాకా వాలి, చర్మం రంగు కాగితపు పట్టీ అంటుకుని ఉంది.