చొక్కా జేబులో ఫ్యూజు

క్వార్టర్లవాళ్లు మళ్లీ చెప్పుతోనే కొట్టి ఉంటారు, నీళ్ల మోటారు పెట్టె మూత మీద బొగ్గు దుమ్ములో చెప్పు అచ్చు అలాగే ఉంది, గోదావరిఖనిలో పొద్దున తుడిచింది మధ్యాహ్నానికి నల్లబడుతుంది కాబట్టి ఏ అచ్చూ దాగదు, కొట్టగానే లోపల మోటారుకు కరెంటు కలిపి తెంపే రిలేలో అతుక్కున్న పాయింట్లు విడిపోతాయి, మోటారు ఆగుతుంది, కొట్టినవాళ్లు నవ్వుకుంటూ పోతారు, కిటికీలోంచి చూస్తూ కూడా రాహేలు ఇన్నాళ్లూ ఏమీ అనలేదు, క్వార్టర్ల వరుస మొత్తానికి ఆ మోటారే నీళ్లు ఎక్కించాలి కదా, కానీ ఆ పెట్టె ఆమె భర్త దయాసాగర్ చేసింది, ట్యాంకు ఖాళీ అయితే మోటారు దానంతట అదే నడవాలని, నిండితే దానంతట అదే ఆగాలని, ఆయన చేతుల మీదుగా తయారైన చివరి వస్తువు అది, నిన్న క్వార్టర్ల వరుసకు పెద్దమనిషి సదయ్య గేటు దగ్గర నిలబడి, టీచరమ్మా, ట్యాంకు నిండినా మోటరు ఆగుతలేదు, నీళ్లన్ని మా వాకిట్ల మిరపకాయల మీదికొచ్చినయి, ఇంకోపాలి అతుక్కుంటె పెట్టె పీకేసి మామూలు స్విచ్చి పెట్టుకుంటం, ఏమనుకోకు అన్నాడు, రేపొక్కరోజు ఆగు కాకా, నేను చూస్త అంది, నువ్వు పిల్లలకు పాఠం చెప్పేదానివి బిడ్డా, ఇది మోటరు అన్నాడు నవ్వుతూ, అయినా చూస్త కాకా అంది, ఆ మాట గొంతులోంచి అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు.

ఈ రోజు ఒంటిపూట బడి, ఇంటికి రాగానే చీర కొంగు దోపుకుని స్టూలు ఎక్కింది, పక్కన ఎల్లేశం టార్చి పట్టుకున్నాడు, గనిలో దయాసాగర్‌తో కలిసి ఎలక్ట్రీషియన్‌గా చేసినవాడు, మొన్ననే పెద్ద రిలే పెట్టిన వదినె, గదీ కాలింది, ఇంకింత పెద్దది పెద్దపల్లిల దొరుకుతదేమో అడుగుత అంటున్నాడు, ఆమె వినలేదు, పాయింట్ల మీద నల్లని గుంటలు చూస్తోంది, రిలే చిన్నదయినందుకు వచ్చినవి కావవి, మోటారు తీగచుట్టలో పారే కరెంటును ఉన్నపళంగా ఆపబోతే అది ఆగదు, పదో తరగతికి ఏటా చెప్పే మాటే, తెంపినచోట ఖాళీలోంచి నిప్పురవ్వగా దూకుతుంది, దూకిన ప్రతిసారీ లోహం కాస్త కరుగుతుంది, కరిగినవి ఒకనాడు అతుక్కుంటాయి, చెయ్యి అలవాటుగా, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు కోసం వెతికి ఆగింది, బడిలో బోర్డు మీద గీసేది బ్యాటరీ సర్క్యూట్, ఇక్కడ కరెంటు అటూ ఇటూ మారుతుంటుంది, డయోడు పెడితే ఒకవైపు నేరుగా షార్టవుతుంది, ఇక్కడ రెసిస్టరు, కెపాసిటరు ఒకదాని వెనక ఒకటి కలిపి పాయింట్లకు అడ్డంగా కట్టాలి, ఎగిసేది కాసేపు అటు మళ్లి అందులోనే చల్లారుతుంది, గింత డబ్బా గంత మోటరును ఆపుతదా వదినె అన్నాడు ఎల్లేశం, ఆపేది రిలేనే, ఆపినప్పుడు ఎగిసేదాన్ని ఇది పట్టుకుంటది అంది, ఎక్కువ మాటలు చెప్పడం ఆమెకు ఇప్పుడు చేతకాదు.

పాత రిలే పాయింట్లు కూడా ఇలాగే కాలినప్పుడు దయాసాగర్ తన చివరి ఆదివారం చర్చికి పోయేముందు పెట్టె తెరిచాడు, ముందు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు, గని అలవాటు, పీకినవాడి జేబులోనే ఫ్యూజు ఉంటుంది, వాడు తప్ప ఇంకెవరూ తిరిగి పెట్టరు, లోపల చెయ్యి పెట్టినవాడి ప్రాణం ఆ జేబులో ఉన్నట్టే, అంతలో ఛాతీ పట్టుకుని గడప మీద కూర్చున్నాడు, ఎల్లేశం ఆటో తెచ్చాడు, దవాఖాన నుంచి చొక్కా ఒక సంచిలో తిరిగి వచ్చింది, జేబులో తెల్ల పింగాణీ ఫ్యూజు అలాగే ఉంది, వరుసకు నీళ్లు ఆగకూడదని ఎల్లేశం వేరే ఫ్యూజు పెట్టాడు, రాహేలు ఆ చొక్కా ఉతకలేదు, ఎవరికీ చూపించలేదు, సమాధి కార్యక్రమం అయిన మర్నాడే బడికి పోయింది, హెడ్మాస్టరు కొన్నాళ్లు ఇంటి దగ్గరుండమ్మా అంటే పిల్లలకు పరీక్షలున్నాయి సార్ అని తెంపేసింది, అత్తమ్మ మార్తమ్మ నా కొడుకు అని మొదలుపెట్టగానే అన్నం తిన్నవా అత్తమ్మా అని తెంపేసింది, తెంపినప్పుడల్లా ముసలామె నోరు మూసుకునేది, కాసేపటికి పాలవాడి మీదో, గిన్నెల మీదో, మిరపకాయల పేరున సదయ్య భార్య మీదో విరుచుకుపడేది, వయసు మీదపడి అలా చేస్తోంది అనుకుంది రాహేలు, తరగతిలో తానే డస్టరుతో బల్ల మీద కొట్టిన రోజు పిల్లలంతా తలలు దించుకున్నారు, ఆ చప్పుడు ఇంకా చేతిలోనే ఉంది.

రెసిస్టరు, కెపాసిటరు కట్టి వైర్లు బిగించింది, ఎల్లేశం పెట్టిన ఫ్యూజు ముందే పీకేసి ఉంది, హ్యాండ్‌బ్యాగులోంచి ఆ జేబులో దొరికిన తెల్ల ఫ్యూజు తీసింది, ఎల్లేశం దాన్ని గుర్తుపట్టి టార్చి దించేశాడు, తీసినోడే పెట్టాలె కద వదినె అన్నాడు మెల్లగా, ఆయన రాడు ఎల్లేశం, నేను పెడ్త అంది, పెట్టింది, మోటారు నడిచింది, ట్యాంకు నిండేదాకా ఇద్దరూ పాయింట్ల వంకే చూశారు, టక్కుమని పాయింట్లు విడిపోయాయి, చిన్న చప్పుడు, నీలిరంగు మెరుపు లేదు, మళ్లీ నడిపించింది, మళ్లీ ఆపింది, ఈసారీ మెరుపు లేదు, సదయ్య కాకకు చెప్పు, పెట్టె పీకే పనిలేదు, చెప్పు కాళ్లకే వేసుకొమ్మను అంది, ఎల్లేశం చాలా రోజుల తర్వాత నవ్వాడు, గడప మీద మార్తమ్మ కూర్చుని ఉంది, దయాసాగర్ కూర్చున్న చోటే, నా కొడుకు చిన్నప్పుడు గిట్లనే రేడియో ఇప్పి ముందటేసుకునేటోడు అంది, అన్నం తిన్నవా అత్తమ్మా అన్న మాట రాహేలు నాలుక చివరిదాకా వచ్చింది, ఇన్నాళ్లూ ఆ ముసలామెను మాట మధ్యలో తెంపుతూనే వచ్చానని, ఆ దుఃఖం పోవడానికి ఇంట్లో పక్కకు మళ్లే ఏ తోవా ఉంచలేదని, తనకూ ఉంచుకోలేదని తెలిసింది, స్టూలు దిగి వచ్చి పక్కన కూర్చుంది, ఇప్పి ఏం చేసేటోడు అత్తమ్మా, చెప్పు.