ముక్కుతో కొలిచిన గల్లీ

వాసనను ముక్కుతో కొలుస్తారని పద్మమ్మ ఎన్నడూ వినలేదు. కంపు ఉందో లేదో తెలుసుకోవడానికి యూనివర్సిటీ దాకా చదవాలన్న సంగతి కూడా ఆమెకు తెలియదు. జవహర్‌నగర్ చెత్తగుట్ట వెనక గల్లీలో కాపురం పెట్టిన నాటి నుంచి ఆమె ముక్కుకు తీరిక లేదు. పొద్దున లేస్తే అదే కంపు, అన్నం ముందు కూర్చుంటే అదే కంపు. వాన పడితే గుట్ట కింది గుంటలో నల్లనీళ్లు పొంగి ఇంకో రకం కంపు.

ఆ గుంట వల్లనే మనుమరాలు ఆమెకు దూరమైంది. కోడలు రక్షిత కాన్పుకు రావల్కోల్‌లోని పుట్టింటికి పోయి, బిడ్డను ఎత్తుకుని ఒక్కసారి వచ్చింది. వారం తిరగకముందే పసిదానికి ఆయాసం పట్టుకుంది. "గీ కంపు పోయేదాంక పిల్లను తీస్కరాను అత్తమ్మా, ఏమనుకోకుండ్రి" అని రక్షిత మళ్లీ పుట్టింటికి పోయింది. కొడుకు ఆకాశ్ ఆదివారాలు అక్కడికి పోయి చూసి వస్తున్నాడు. నోరు మంచిది కాదని గల్లీ అంతా పేరున్న పద్మమ్మ, కోడలిని మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల చెప్పింది నిజం మరి.

సరిగ్గా అప్పుడే దిగాడు అన్వేష్ సారు, వెనక నలుగురు విద్యార్థులతో. యూనివర్సిటీలో ప్రొఫెసరు. నలిగిన ఖద్దరు చొక్కా, భుజాన గుడ్డసంచి. పేదవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు వేసుకునే బట్టలు వేరే పెట్టుకుంటారేమో వీళ్లు. "మీ మీద పరిశోధన చేయడానికి రాలేదమ్మా, మీతో కలిసి చేయడానికి వచ్చాం. మీరు మా భాగస్వాములు" అన్నాడు. ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, తృప్తి అనే విద్యార్థిని గల్లీ మొగదల్లోనే కూలబడి కడుపులో ఉన్నదంతా కక్కింది.

పద్మమ్మ పరుగెత్తి ఆ పిల్ల తల పట్టుకుంది. నిమ్మకాయ కోసి ముక్కు దగ్గర పెట్టింది. పాపం అనిపించినా లోపల సంబరపడింది కూడా. ఇంత సున్నితమైన ముక్కులు వస్తే ఇక రిపోర్టుకు తిరుగేముంది?

"ఇవాళ్టిది లెక్కలోకి రాదమ్మా. ఊరికే పరిచయానికి వచ్చాం" అన్నాడు సారు.

"కక్కింది గద సారూ ఆ బిడ్డ. ఇంకేం కొలుస్తరు?"

సారు నవ్వి, కొలిచే పద్ధతి చెప్పాడు. విద్యార్థులు వచ్చి కూర్చుని, గాలి పీల్చి, కంపును బట్టి సున్నా నుంచి ఆరు దాకా మార్కులు వేస్తారట. గుట్ట చుట్టూ ఉన్న గుంటల్లో, ఏ గల్లీకి ఎక్కువ మార్కులొస్తే ఆ వైపు గుంటను ముందు మూయిస్తానని పై అధికారి ఒకాయన మాటిచ్చాడట.

"గట్లయితే మేం గూడ మార్కులేస్తం. భాగస్వాములమంటిరి గద."

"మీ ముక్కులు అలవాటు పడిపోయాయమ్మా. కొలతకు పనికిరావు."

పద్మమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కూర్చోవడానికి ఆమె ఇల్లు పనికొస్తుంది, తాగడానికి ఆమె చాయ్ పనికొస్తుంది, ముక్కు మాత్రం పనికిరాదట. కానీ గుంట మూస్తారన్న ఆశ ఉంది. మనుమరాలి ముఖం తలుచుకుని కోపాన్ని మింగింది.

చెప్పాపెట్టకుండా ఇళ్లల్లోకి రావడం పరిశోధన మర్యాద కాదట. అందుకని శుక్రవారం వస్తామని ముందే చెప్పారు. గురువారం ఫోన్ చేసి మళ్లీ గుర్తు చేశారు.

వస్తామని చెప్పిన మనిషిని కంపులో కూర్చోబెట్టే గల్లీ కాదు అది. ఉన్నవి రేకుల ఇళ్లే అయినా, చుట్టం వస్తున్నాడంటే వాకిలి కడగాల్సిందే, ఇల్లు ఘుమఘుమలాడాల్సిందే. పక్కింటి సాలేహా ప్రతి శుక్రవారం జుమ్మా నాడు తన ఇంట్లో వేసుకునే లోబాన్ సాంబ్రాణి పొగను ఆ రోజు ఇల్లిల్లూ తిరిగి వేసింది. "పోయినసారి ఆ పోరి మస్తు పరేషాన్ అయింది పద్మక్కా, మల్ల గట్ల గావొద్దు" అంది. పద్మమ్మ ఫినాయిల్‌తో వాకిలి కడిగి, గుంట వైపు కిటికీకి గోనెపట్టా కట్టి, గుప్పెడు అగరొత్తులు వెలిగించింది.

వాళ్లు కంపు కోసమే వస్తున్నారని ఆమెకు తెలియక కాదు. ఇంత చదివినవాళ్లు, లోబాన్ పొగ తీసేసి మిగిలింది లెక్క కట్టలేరా అనుకుంది. జీవితంలో మొదటిసారి చదువును నమ్మింది, పాపం.

విద్యార్థులు వచ్చారు. పద్మమ్మ ఇంట్లో వరసగా కూర్చుని కళ్లు మూసుకుని పీల్చారు. "ఆంటీ, ఎంత హాయిగా ఉందో ఇక్కడ" అంది తృప్తి, ఇలాచీ చాయ్ ఊదుకుంటూ. మార్కులు వేసుకున్నారు. మిగతా గల్లీల్లో భాగస్వాములు ఎవరూ దొరకలేదు కనుక అక్కడ రోడ్డు మీదే నిలబడి పీల్చి, ముక్కు మూసుకుని కారెక్కారు.

నెల తర్వాత కమ్యూనిటీ హాల్లో పెద్ద తెర కట్టి ఫలితాలు చూపించారు. పటంలో మిగతా గల్లీలన్నీ ఎర్రగా ఉన్నాయి. పద్మమ్మ గల్లీ ఒక్కటే పచ్చగా ఉంది. చెత్తగుట్టకు అన్నిటికన్నా దగ్గరున్న గల్లీలో అన్నిటికన్నా మంచి గాలి ఉందట. అవతలి వైపు గుంటనే ముందు మూస్తారట. ఆ ముక్క చెప్పి, ఇల్లిచ్చి సహకరించినందుకు పద్మమ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. గుంటకు కప్పమంటే మనిషికి కప్పారు.

"సారూ, మీరొస్తుండ్రని లోబాన్ ఏసినం. ఫినాయిల్ పోసినం. గది మా గల్లీ వాసన గాదు" అంది పద్మమ్మ మైకు ముందే.

అన్వేష్ సారు కళ్లు మెరిశాయి. "అద్భుతం! అతిథి మర్యాద కొలతనే మార్చేసిందన్నమాట. దీని మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాయాలి" అన్నాడు.

"వ్యాసం తర్వాత రాద్దురు గని, రేపు మల్ల రాండ్రి. ఒక్క ఊదుబత్తి ముట్టియ్యం."

"రిపోర్టు పంపేశామమ్మా. ప్రాజెక్టు అయిపోయింది."

"కొండను తవ్వి ఎలుకను పట్టినోళ్లు నయం సారూ, ఆళ్లకు ఎలుకన్న దొరికింది. మీరు చెత్తగుట్ట ముంగట కూసోని అగరొత్తిని పట్టిండ్రు."

జనం గొల్లుమన్నారు. సారు కూడా నవ్వుతూ ఆ మాట రాసుకున్నాడు. సిగ్గన్నది ఉంటే కదా. పద్మమ్మ ఇంటికి వచ్చేసింది.

రెండు రోజులకు రక్షిత ఫోన్ చేసింది. గొంతులో ఎన్నడూ లేని హుషారు.

"అత్తమ్మా, మా నాయిన పేపర్ల సదివిండు. మన గల్లీల గాలి మంచిగున్నదని యూనివర్సిటోళ్లే రాసిండ్రంట గద! ఇగ భయం లేదు. రేపే పిల్లను తీస్కొని వస్తున్న."

ఫోన్‌లో పసిదాని ఊకొట్టడం వినిపిస్తోంది. రా బిడ్డా అంటే చాలు, రేపీపాటికి ఒళ్లో ఉంటుంది. కిటికీలోంచి గుంట కంపు గుప్పున కొట్టింది. ముందురోజు వాన పడింది.

"రావద్దు బిడ్డా. ఆళ్లు రాసింది అబద్ధం."

"గంత పెద్ద సదువులోళ్లు అబద్ధమెందుకు రాస్తరు అత్తమ్మా?" రక్షిత గొంతు మారింది. "మేం వచ్చుడు మీకు ఇష్టం లేకుంటే గా మాటే జెప్పుండ్రి."

ముక్కు మీదే కోపం ఉండే పద్మమ్మకు ఆ క్షణాన కోపం రాలేదు. లోబాన్ గురించి చెబితే ఆ పిల్ల నమ్మదు. అచ్చయిన కాగితం ముందు అత్త మాట ఎవరికి కావాలి? నమ్మకపోతే రేపు బయల్దేరుతుంది.

"అవ్, ఇష్టం లేదు" అంది పద్మమ్మ. "పిల్లను తేవొద్దు."

అవతల రక్షిత ఫోన్ పెట్టేసింది. పసిదాని గొంతు కూడా దాంతోపాటే ఆగిపోయింది.