మీటరు తిరగని కారు

మా ఆయనకు పరుపుల షాపు ఉంది. కవరు తీసిన పరుపు పాత పరుపుతో సమానమని ఆయన సిద్ధాంతం. షాపులో అంటే సరే, మా ఇంట్లో మంచాల మీదున్న పరుపులకు కూడా ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉంటాయి. పక్కకు ఒత్తిగిలితే చాలు, చెవి పక్కన ఎవరో చిత్తుకాగితాలు నలుపుతున్నట్టు చప్పుడు. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను కంటినిండా నిద్రపోయిన పాపాన పోలేదు. అలాంటి మనిషి ఒక శుభముహూర్తాన స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రది, రెండే సీట్లు, నేలకు అంటుకుపోయినట్టుంటుంది.

రెండు నెలలైనా తిరక్కుండానే అదే కంపెనీవాళ్ళు వెనకాల రెక్కతో కొత్త మోడల్ దింపారు. ఇంకేముంది! "మనదానికి రెక్క లేదే" అని అన్నం తింటూ గొణుగుడు, స్నానం చేస్తూ గొణుగుడు. ఆగలేక షోరూంకి పరిగెత్తాడు. కొత్తది చేతికి రావడానికి ఆరు నెలలు పడుతుందనీ, అప్పుడు పాతది తామే తీసుకుంటామనీ, మీటరు ఎంత తక్కువ తిరిగితే అంత మంచి ధర ఇస్తామనీ వాళ్ళు చెప్పారట. ఎవరి దగ్గర ఏ మాట అనాలో తెలియని దరిద్రులు! ఆ రోజు నుంచి కారు షెడ్డు దాటితే ఒట్టు.

కారు నాకేం వద్దు, నేను నడిచైనా వెళతాను. నా బాధంతా మా మామయ్య గురించి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సు నడిపిన మనిషి. ఆయన కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు ఇక తిరిగి రాదనీ డాక్టరు ఖాయంగా చెప్పేశాడు. దానికి ఆయన ఏడవలేదు, మొత్తుకోలేదు. ఒకే ఒక్కటి అడిగాడు.

"ఒరే, కాస్త కనబడుతుండగానే నీ కారు ఒక్కసారి నడుపుతానురా. ఈ వీధి చివరిదాకా చాలు."

"అయ్యో నాన్నా, అమ్మబోయే బండి కదా. మీటరు తిరిగితే రేటు పడిపోతుంది. కొత్తది రానీ, నీ ఇష్టం వచ్చినంత నడుపుకో" అన్నాడు మా ఆయన, పెద్ద వరమిచ్చినట్టు.

"కన్నతండ్రికి వీధి చివరిదాకా కూడా ఇవ్వలేరా? మీకేం పోయేకాలం వచ్చిందండీ?" అని నేను గయ్యిమన్నాను.

"నీకు రీసేల్ గురించి ఏం తెలుసే? నోర్మూసుకో" అన్నాడు.

ఇంతలో మెకానిక్ ఒకడు మరో పుల్ల పెట్టాడు. కారు కదలకుండా ఉంటే టైర్లు ఒకవైపు అణిగిపోతాయట. నడిపితే మీటరు తిరుగుతుంది, నడపకపోతే టైరు పోతుంది. మా ఆయన ఒక పూటంతా తల పట్టుకుని కూర్చుని, చివరికి కనిపెట్టాడు మహానుభావుడు. ఇంజను ఆపి కారును తోస్తే మీటరు తిరగదు, టైర్లు మాత్రం తిరుగుతాయి!

అలా మా ఇంట్లో ప్రతి ఆదివారం కారు తోసే కార్యక్రమం మొదలైంది. లోపల కూర్చుంటే సీటు నలుగుతుందని మా ఆయన కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పుతూ పక్కన నడిచేవాడు. వెనకాల నేనూ, మామయ్యా చెమటలు కక్కుతూ తోసేవాళ్ళం. వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ షెడ్డుకి. మొదట్లో వీధిలోవాళ్ళు "అయ్యో, ఆగిపోయిందా?" అని పరిగెత్తుకొచ్చి చెయ్యి వేసేవాళ్ళు. తర్వాత మానేశారు. పాల బూత్ ఆవిడైతే మా కారుకు తోపుడుబండి అని పేరు కూడా పెట్టేసింది.

తోసేటప్పుడు మామయ్య కారు వెనక ఎర్రరంగును అరచేత్తో తడుముతూ నడిచేవాడు. ఇంట్లో ఆయన గ్లాసులో నీళ్ళు పోసుకుంటే సగం బల్ల మీద పడటం నేను చూస్తూనే ఉన్నాను. "వాడికి చెప్పకు తల్లీ, తెలిస్తే తాళం అసలు ఇవ్వడు" అని నా చేత ప్రమాణం చేయించుకున్నాడు.

ఆరు నెలలు గడిచాయి. షోరూం నుంచి ధర కట్టే మనిషి వచ్చాడు. ఆయన నేరుగా మా ఇంటికి రాలేదు. ముందు వీధిలోవాళ్ళను అడిగి, తర్వాత బండిని చూడటం ఆయన పద్ధతట. పాల బూత్ దగ్గర అడిగాడు, ఇస్త్రీ ఆయన్ని అడిగాడు, ఎదురింటివాళ్ళను అడిగాడు. అడిగినవాళ్ళంతా ఒకటే మాట చెప్పారు. "ఆ కారా! పాపం, ప్రతి ఆదివారం తోసుకుంటూ పోతారండీ. అది నడవగా మేం చూడలేదు."

ఆయన వచ్చి కారును చూడకుండానే సగం ధర చెప్పాడు.

మా ఆయన లబోదిబోమన్నాడు. "కొత్త బండండీ! కవర్లు కూడా తీయలేదు! మీటరు చూడండి!"

"మీటరు ఎందుకు తిరగలేదో వీధంతా చెప్పింది కదండీ. నడిచే బండే అయితే నడిపి చూపించండి. కొనకముందు నేను స్టీరింగ్ పట్టకూడదని మా కంపెనీ రూలు. మీరు మాత్రం వద్దు. ఓనర్లకు బండి లోపాలు దాచడం బాగా తెలుసు. ఇంట్లో ఇంకెవరైనా నడపాలి."

ఇంట్లో ఇంకెవరు? నాకు సైకిలే రాదు. మా ఆయన తాళం తీసి తండ్రి చేతిలో పెట్టాడు. ఆయన ఆ తాళాన్ని గుప్పెట బిగించి పట్టుకోవడం చూశాక నా నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాను. ప్రమాణం తప్పలేదు గానీ, దారి చెప్పడానికి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను.

"అందరూ గోడవారకి జరగండి!" అని కిటికీలోంచి అరిచాను.

ఇంజను గర్జించింది. గర్జించినంత మాత్రాన లాభమేముంది, కారు పెళ్ళినడకే నడిచింది. మామయ్య వీపు నిటారుగా పెట్టి కూర్చుని నవ్వుతున్నాడు.

"కొంచెం కుడికి మామయ్యా. చాలు. ముందు కుక్క ఉంది, ఆపండి. వెళ్ళిపోయింది, పోనివ్వండి."

"ఏం బండమ్మా ఇది! కాలు అలా పెడితే చాలు, ఉరకాలని చూస్తోంది" అన్నాడు. ఆ గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు. నాకు భయమూ వేస్తోంది, నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది.

వీధి చివర, పెద్ద రోడ్డు మొదలయ్యే చోట తోసి తోసి దూరం తెలిసిపోయినట్టుంది, నేను చెప్పకముందే ఆపేశాడు. ధర కట్టే మనిషి, మా ఆయన, వాళ్ళ వెనకాల వీధి సగం పరిగెత్తుకుంటూ వచ్చారు.

"బ్రహ్మాండం సార్, పూర్తి ధర ఇస్తాం" అన్నాడు ఆయన.

మా ఆయన ఎగిరి గంతేశాడు. ఆ ఊపులో దానగుణం పుట్టుకొచ్చింది. "నాన్నా, పెద్ద రోడ్డు మీద కూడా ఓ చుట్టు కొట్టి రా!"

"వద్దురా" అన్నాడు మామయ్య. "నాకు రోడ్డు కనబడటం లేదు."

"కనబడకపోవడమేంటి? ఇప్పుడేగా నడిపావు?"

"అమ్మాయి చెబుతుంటే నడిపాను."

మా ఆయన నావైపు చూశాడు. నేను తల వంచుకోలేదు.

"ఎప్పట్నుంచి నాన్నా?"

మామయ్య తాళం తీసి, కొడుకు చెయ్యి ఎక్కడుందో గాలిలో వెతికి, అందులో పెట్టాడు. "నువ్వు ఈ కారు కొన్న రోజు శుభ్రంగా కనబడేదిరా" అన్నాడు.

ధర కట్టే మనిషి కాగితం చాపి సంతకం ఇక్కడ పెట్టమన్నాడు. మా ఆయన తాళంవైపే చూస్తూ అలాగే నిలబడిపోయాడు.