సొరుగులో మాత్ర

"మిషనే ఉతుకుతోంది కదా, ఆరెయ్యడమేగా నీ పని" అన్నాడు భర్త, ఆఫీసుకి బయల్దేరే హడావుడిలో బూట్లు తొడుక్కుంటూ. నిజమే మరి, మిషనే ఉతుకుతుంది. కానీ అందులోంచి గుడ్డలు తియ్యడానికి వంగేది మిషను కాదుగా, ఆమె. పొత్తికడుపు కింద అడ్డంగా కోసి, బిడ్డను తీసి, మళ్ళీ కుట్టిన చోట, వంగిన ప్రతిసారీ ఎవరో లోపలినించి దారం పట్టుకు లాగినట్టుండేది. గోడకి ఆనుకుని, పంటి బిగువున ఒక్కో గుడ్డా తీసి భుజం మీద వేసుకునేది. ఏం చేస్తుంది, పాప గుడ్డలాయె!

ఆస్పత్రి నించి పంపేటప్పుడు నర్సు నొప్పికని మాత్రలిచ్చింది. "పాలిచ్చేవాళ్ళకని చూసి రాసినవే ఇవి, భయం లేదు. ఎప్పుడెప్పుడు వేసుకోవాలో అట్ట మీద రాశాను, అంతకు మించి వేసుకోకమ్మా" అని మరీ మరీ చెప్పింది. ఇంటికొచ్చాక అత్తగారు ఆ అట్టని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "బిళ్ళలు మింగి పాలిస్తావుటే అమ్మాయ్? నువ్వు మింగిందే కదా పాలల్లోకి దిగేది! ముగ్గుర్ని కన్నాన్నేను, ఒక్క బిళ్ళ ఎరగను. ఆడపుట్టుక పుట్టాక ఆ మాత్రం ఓర్చుకోకపోతే ఎలా?" అంది. మర్నాటికి ఆ మాత్రలు బల్ల మీద లేవు. అడిగితే, "పారేస్తే దండగ కదా, నా మోకాళ్ళకి వాడుకుంటున్నాలే" అంది, దాపరికం లేకుండా.

చెడ్డదేమీ కాదు ఆవిడ. ఆ మాట ఒప్పుకోవాలి. పాపని కాళ్ళ మీద వేసుకుని గంటలకి గంటలు జోకొట్టేది, కోడలికి వేడివేడిగా వండి పెట్టేది, "పాలు పడాలి, తిను" అని దగ్గర కూచుని తినిపించేది. అందుకే ఈమెకి నోరు పెగల్లేదు. గయ్యాళి అయితే ఒక మాట అనేసేదేమో! ఇంత చేస్తున్న మనిషితో "నా మాత్రలు నాకివ్వండి" అని ఎలా అంటుంది? అదీగాక, లోపల్లోపల ఆమెకే అనుమానం. నిజంగానే తను ఓర్చుకోలేని రకమేమో. అందరు ఆడవాళ్ళూ కంటున్నారు, అందరూ కోయించుకుంటున్నారు, తనొక్కతే ఏమిటిలా మూలుగుతోంది? నొప్పి కంటే ఈ ఆలోచనే ఎక్కువ బాధపెట్టేది.

విచిత్రం ఏమిటంటే, ఆమె ఉద్యోగమే జనం ఇబ్బందులు వినడం. ఫోను చెవికి తగిలించుకుని పొద్దున్నించీ సాయంత్రం దాకా "మీ సమస్య ఏమిటో మొహమాటం లేకుండా చెప్పండి సార్" అని అడగడం. సెలవు పెట్టేటప్పుడు మేనేజరు "మీకేమండీ, జీతంతో సహా హాయిగా రెస్టు!" అంటే కూడా నవ్వి ఊరుకుంది. ఊళ్ళోవాళ్ళ ఫిర్యాదులన్నీ విన్న మనిషికి తన ఫిర్యాదు ఎక్కడ చెప్పుకోవాలో తెలీలేదు.

పాప పుట్టడానికి కొద్దిగా ముందు భర్తకి నడుం పట్టేసింది, ఫ్రిజ్ పక్కకి జరుపుతూ. అబ్బో, ఆ రోజు ఇంట్లో చూడాలి! అత్తగారు కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఆడపడుచు పక్క ఊరినించి పరిగెత్తుకొచ్చింది. నిండు చూలాలు అయ్యుండీ ఈమె వేడినీళ్ళ సంచి పట్టుకుని మంచం చుట్టూ తిరిగింది. డాక్టరు గట్టి మాత్రలే రాశాడు. "వేళ తప్పకుండా వేసుకోరా నాన్నా, నొప్పి భరించడమంటే మాటలా!" అని వాళ్ళమ్మ గ్లాసు నోటికందించింది. ఆ మాత్రలు కొన్ని మిగిలిపోయి మంచం పక్క సొరుగులో పడున్నాయి. వాటిని ఎవరి మోకాళ్ళకీ ఎవరూ తీసుకోలేదు. అబ్బాయివి కదా.

ఆ వేళ భర్త ఆఫీసుకెళ్ళాక, గుడ్డలు తీస్తూ తీస్తూ ఆమె మిషను పక్కనే నేల మీద కూలబడిపోయింది. కళ్ళనీళ్ళు వాటంతటవే కారుతున్నాయి. అత్తగారు వంటింట్లో ఉంది. పిలిస్తే వస్తుంది, లేపుతుంది, "ఇంత సుకుమారమైతే ఎలాగమ్మా" అంటుంది. ఆ మాట వినలేక గోడ పట్టుకు తనే లేచింది. నేరుగా గదిలోకెళ్ళి సొరుగు లాగింది. అట్ట మీద పేరు చదివింది గానీ అదేమిటో, ఎవరు వేసుకోవచ్చో ఆమెకేం తెలుసు? ఆయనకి నొప్పి తగ్గించిన మాత్ర, అంతే. స్నానాల గదిలో కుళాయి ధారగా వదిలి, దొంగలా, దోసిట్లో నీళ్ళతో మింగేసింది. అద్దంలో తన ముఖం చూసుకోవాలనిపించలేదు.

నొప్పి తగ్గింది. ఒళ్ళు దూదిలా తేలిపోయింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! ఆ హాయిలోనే పాపని ఒళ్ళోకి తీసుకుని పాలిచ్చింది.

"చూశావా, ఇవాళ కడుపు నిండినట్టుంది, ఎంత బుద్ధిగా పడుకుందో" అని అత్తగారు మురిసిపోయింది. పాలవేళ దాటిపోయింది. పాప లేవలేదు. అరికాలు రుద్ది చూశారు. తడిగుడ్డతో ముఖం తుడిచారు. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసేసింది. రొమ్ము నోటికందిస్తే పెదవులు కదలలేదు. అత్తగారు అప్పటికే ఫోనులో కొడుకుని కేకలేస్తోంది.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ పాపని బల్ల మీద పడుకోబెట్టి, గుండె వింది, ఊపిరి లెక్క చూసింది. "ఏమ్మా, నువ్వు మందులేమన్నా వాడుతున్నావా?"

ఒక పక్క అత్తగారు. ఇంకో పక్క పరుగున వచ్చి ఇంకా రొప్పుతున్న భర్త. ఇద్దరూ తన ముఖంలోకే చూస్తున్నారు.

"లేదండీ" అంది.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. "మా కోడలు మాత్ర ముట్టదండీ, చాలా జాగ్రత్త మనిషి" అని అత్తగారు గర్వంగా అందుకుంది. ఆ మెచ్చుకోలుకి ఆమెకి తల కొట్టేసినట్టయింది. పాప అలా సోలిపోయి ఉంటే, తను పరువు కాపాడుకుంటోంది! ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకేముంటుంది?

"అయితే కారణం వెతకాలి. ముందు రక్తం తీద్దాం" అంది డాక్టరమ్మ. నర్సు వచ్చి పాప పాదాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమె బొటనవేలంత ఉందా పాదం. దూదితో తుడిచి, సూది విప్పింది.

"ఆగండి" అంది ఆమె. "నేను మాత్ర వేసుకున్నాను. ఆయన నడుం నొప్పి మాత్ర. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వేసుకున్నాను. పొద్దున, పాలిచ్చే ముందే."

నేల నోరు తెరిస్తే బావుండుననిపించింది ఆమెకి. భర్త నుదురు రుద్దుకుంటూ మాత్ర పేరు చెప్పాడు. డాక్టరమ్మ సూది పక్కన పెట్టించి, పాపని పక్క గదిలోకి, ఊపిరి చూసే యంత్రం దగ్గరికి మార్పించింది. పని అంతా అయ్యాక ఆమె ఎదురుగా వచ్చి కూచుంది.

"అది గట్టి మందమ్మా. పాలిచ్చేవాళ్ళకి ఇవ్వం. పాల ద్వారా వెళ్ళి పసివాళ్ళకి మత్తెక్కిస్తుంది, ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. మళ్ళీ ముట్టుకోవద్దు. ఇవాళ పాప ఇక్కడే మా కళ్ళ ముందుంటుంది. పాలు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో నేను చెప్తాను. సరేగానీ, ఆపరేషన్ తర్వాత నీకు మామూలు నొప్పి మాత్రలు రాసిచ్చి ఉండాలే? వాటితో పాపకేం ఇబ్బంది లేదు. అవేమయ్యాయి?"

ఆమె తల దించుకుంది. నిజం చెప్పినా చాడీ చెప్పినట్టుంటుంది. అత్తగారే, కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, "నేను మింగానమ్మా. నా మోకాళ్ళకి" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా ఆమె ఎప్పుడూ వినలేదు.

సాయంత్రమవుతుండగా పాప కళ్ళు తెరిచింది. చేతులు కదిపింది. తర్వాత ముఖం ఎర్రగా చేసుకుని ఏడ్చింది చూడండి, ఆ గది దద్దరిల్లిపోయింది! నర్సు నవ్వింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటే ఏడుపు తన్నుకొచ్చింది. "ఇక భయం లేదు, ఈ రాత్రికి మాత్రం ఉంచుకుని చూస్తాం" అని చెప్పి డాక్టరమ్మ కాగితాల మీద ఏదో రాయడం మొదలుపెట్టింది.

భర్త ఆమె దగ్గరికొచ్చి, వినపడీ వినపడకుండా అన్నాడు. "నొప్పి తట్టుకోలేకపోతే మాత్రం, చంటిపిల్ల తల్లి చేసే పనేనా ఇది? అక్క అడిగితే ఏం చెప్పను? జ్వరమని చెప్దాం. నువ్వు నోరు మెదపకు."

ఆమె తలూపింది. అతనన్నదాంట్లో తప్పేముంది? చెయ్యకూడని పనే చేసింది. ఈ సిగ్గు తనని జన్మంతా వదలదు, వదలకూడదు కూడా. పాప పెద్దదయ్యాక కూడా ఆ సగం తెరిచిన కళ్ళు కలలోకి వస్తాయి. ఇలా తనని తాను తిట్టుకుంటూ ఉండగానే కుట్లు మళ్ళీ సలపడం మొదలుపెట్టాయి. మందు దిగిపోయినట్టుంది. చెయ్యి దానంతటదే పొత్తికడుపు మీదికి పోయింది. అత్తగారు చూసింది, చూసి కళ్ళు దించుకుంది. ఇంత జరిగాక ఇంకా నొప్పి అంటే ఎవరు వింటారు? ఏ ముఖం పెట్టుకుని అంటుంది? రేపు ఇంటికెళ్ళాక గోడ పట్టుకుని, పళ్ళు బిగించి, ఎవరికీ చెప్పకుండా భరించాలి. అలా చెప్పకుండా భరించబట్టేగా, చెప్పకుండా మింగింది! బిడ్డని ఇక్కడిదాకా తెచ్చింది నొప్పి కాదు, ఆ చెప్పకపోవడమే.

డాక్టరమ్మ కాగితాలు సర్దుకుని లేచింది. తలుపు దాకా వెళ్ళింది.

"డాక్టరుగారూ" అంది ఆమె. చెవులు వేడెక్కిపోతున్నాయి. "నాకు నొప్పిగా ఉంది. పాలిచ్చేవాళ్ళు వేసుకునే మందు నాకు కావాలి."

"ఇప్పుడా?" అన్నాడు భర్త, నమ్మలేనట్టు.

"ఇప్పుడే" అంది.