హెల్పర్ ముట్టుకుంటే ఐదు

"ఇంటిపనికి మించిన కసరత్తు ఏముంటుందే అమ్మాయ్? ఆ చెక్క మీద ఊగడం దేనికి?" అంది అత్తయ్య.

జవాబు చెబితే చెక్క ఒరుగుతుంది. వెనక వసారాలో నేల మీద ఒక ఇనప గొట్టం ముక్క, దాని మీద అడ్డంగా చెక్క పలక, పలక మీద మోకాళ్లు కొంచెం వంచి, మోచేతులు పైకెత్తి నేను. పలక రెండు కొసల్లో ఏదీ నేలకి తగలకుండా ఐదు నిమిషాలు నిలబడాలి. అది మా ట్రైనర్ మేడమ్ పెట్టిన లెక్క. మూడో నిమిషంలో లోపల్నించి పాప, "అమ్మా, నా చార్జర్ ఎక్కడ పెట్టావ్?" అంది. నాలుగో నిమిషంలో ఆయన, "గ్యాస్ మీద ఏదో పొంగుతోంది చూడు," అన్నారు. పొంగేదాని పక్కనే నిలబడి అన్నారు. నేను దిగి, వెళ్లి, మంట తగ్గించి వచ్చి మళ్లీ మొదటి నిమిషం నుంచి మొదలుపెట్టాను.

అత్తయ్య మాటలో సగం నిజం లేకపోలేదు. పద్దెనిమిదేళ్లుగా ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తున్నాను. తడిసిన దుప్పట్లు మెషీన్‌లోంచి లాగి, దులిపి, ట్రాలీకెత్తడం నా పని. తడి దుప్పటి ఎంత బరువుంటుందో ఎత్తినవాళ్లకే తెలుసు. క్లబ్బులో చేరిన మొదటిరోజు మేడమ్ నా చేతిలో పిడికిలి స్ప్రింగ్ ఒకటి పెట్టి నొక్కమంది. నొక్కాను. ఆవిడ దాన్ని లాక్కుని మగవాళ్లకిచ్చే గట్టిది తెచ్చింది. అదీ నొక్కాను. "చేతుల సంగతి సరే. నడుమూ గట్టిదే. మరి నీకేం రాదో తెలుసా? ఆగడం రాదు," అంది.

ఈ ఆట గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. ఇది మోటారుసైకిలు ఆటే కానీ ఇందులో వేగం లేదు. బండికి సీటు కూడా ఉండదు, మొదట్నించి చివరిదాకా నిలబడే నడపాలి. రాళ్ల మీదా, వాగుల్లోనూ, చెట్ల వేళ్ల మీదా తాళ్లు కట్టి దారి గీస్తారు. అలాంటి ఒక్కో దారినీ సెక్షన్ అంటారు. ఆ దారిలో కాలు నేలకి ఆనకుండా బయటికి రావాలి. కాలు ఒకసారి ఆనితే ఒక మార్కు, రెండుసార్లకి రెండు, ఆ పైన ఎన్నిసార్లయినా మూడు. పడిపోతే ఐదు. మార్కులు ఎంత తక్కువైతే అంత గొప్ప. సున్నా వస్తే చప్పట్లు కొడతారు. "బళ్లో తెచ్చుకున్న సున్నాలు చాలలేదా వదినా?" అని మా మరిది ఏడాదిగా అదే జోకు వేస్తున్నాడు, ఏడాదిగా ఇంటిల్లిపాదీ నవ్వుతున్నారు.

రాయి మీదికి బండి ఎక్కించాక, మలుపు తిప్పేముందు, ఒక్క క్షణం బండిని కదలకుండా నిలబెట్టాలి. కాళ్లు ఆనకూడదు, చక్రం వెనక్కి దొర్లకూడదు. ఊపిరి కుదుటపడాలి, దారి చూసుకోవాలి, అప్పుడు కదలాలి. ఆ క్షణమే నాకు రాదు. రాయెక్కగానే గాభరా పుట్టి, అక్కర్లేకపోయినా కాలు కింద పెట్టేసేదాన్ని. ఎందుకు వస్తుంది నాకు ఆగడం? ఇంట్లో నేను ఆగితే ఏదో చెడిపోయిందనుకుంటారు. కిటికీ దగ్గర ఊరికే నిలబడితే, "ఏంటి, ఒంట్లో బాలేదా?" అంటారు ఆయన. లాండ్రీలో మెషీన్‌కి ఆనుకుని ఒక్క నిమిషం కళ్లు మూసుకుంటే, "ఏంటమ్మా, మెషీన్ ఆగిపోయిందా?" అంటాడు సూపర్‌వైజరు. ఆగింది మెషీన్ కాదు నేనే అని చెప్పాలని ఉంటుంది. చెప్పను.

అసలు ఈ బండి ఆయనది. తొమ్మిదేళ్లు ఈ పోటీలకి ఆయన వెళ్లారు, ప్రతి ఆదివారం హెల్పర్‌గా నేను వెళ్లాను. హెల్పర్ అంటే ఆటగాడితోపాటు ఆ తాళ్ల లోపలికి దిగి, పెద్ద రాళ్ల దగ్గర నిలబడి, మనిషి నిజంగా పడిపోతుంటే బండిని పట్టుకోవాల్సిన మనిషి. ముట్టుకుంటే ఆటగాడికి ఐదు పడుతుంది. కాబట్టి ఎప్పుడు ముట్టుకోకూడదో తెలియడమే హెల్పర్‌కి రావాల్సిన విద్య. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నేను తొందరపడలేదు. ఆయన రాయి అంచున బండి ఆపి ఊగుతుంటే, నా చేతులు ఆ హ్యాండిల్‌కి జానెడు దూరంలో గాల్లో ఉండేవి, అయినా ముట్టుకునేదాన్ని కాదు. ఒక్కసారే పట్టుకున్నాను. ఆరోజు ఆయన మోకాలు పోయింది. తల మాత్రం మిగిలింది.

తర్వాత రెండేళ్లు బండి షెడ్డులో పడి ఉంది. అలవాటు కొద్దీ ఆదివారం ఆదివారం తుడిచేదాన్ని. ఒకరోజు తుడిచి, స్టార్ట్ చేసి, ఎక్కి నిలబడ్డాను. ఆయన చూసి పకపకా నవ్వారు. అన్యాయంగా మాట్లాడకూడదు, మొదట్లో క్లచ్ ఒక్క వేలితో ఎలా పట్టాలో ఆయనే నేర్పారు. నాకు చేతగానంతకాలం చాలా ఓపిగ్గా నేర్పారు. చేతనవడం మొదలయ్యాక నేర్పడం తగ్గి సలహాలు పెరిగాయి.

ఈ ఏడు క్లబ్బువాళ్లు ఆడవాళ్ల జట్టు ఒకటి కడతామన్నారు. పోటీ పెట్టి నలుగురిని తీసుకుంటారు. వాళ్లకి ఏడాదిపాటు మంగళ, శుక్రవారాల్లో సాయంత్రాలు మేడమ్ దగ్గర శిక్షణ. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పాను. వారానికి రెండు సాయంత్రాలు అనేసరికి ఆయన ముద్ద ఆగింది. "మరి వంట?" అంది అత్తయ్య. పాప పళ్లెంలోంచి తలెత్తలేదు. ఆయన కాసేపు ఆలోచించి, పెద్దమనిషి తరహాగా, "సరే, పోటీకి వెళ్లు. సెలెక్టయితే నీ ఇష్టం. కాకపోతే ఆ బండి అమ్మేద్దాం, ఇంటిపట్టున ఉండు. అందరి ముందూ మాట ఇవ్వు," అన్నారు. "సరే," అన్నాను, ఆయనకి వడ్డిస్తూనే. చేతిలో గరిటె ఉన్నప్పుడు ఇచ్చిన మాటలే నా జీవితంలో ఎక్కువ.

అప్పటికి పోటీకి రెండు నెలలుంది. తెల్లారుజామున ఐదింటికి లేచేదాన్ని. పాలు కాగేలోపు గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునేదాన్ని, తొడలు కంపించి చెమటలు పట్టేదాకా. వసారా దూలానికి తువ్వాలు వేసి దాన్ని పట్టుకుని వేలాడేదాన్ని, ముంజేతులు రాయిలా బిగుసుకుపోయేదాకా. లాండ్రీలో దుప్పట్లు ఎత్తేటప్పుడు నడుముతో కాకుండా తొడలతో లేవడం నేర్చుకున్నాను. ఏళ్ల తరబడి ఉన్న నడుంనొప్పి పోయింది. ఇవన్నీ కష్టమే కానీ నాకు కొత్త కాదు. కొత్తది ఒక్కటే. షెడ్డులో ఇంజను ఆపిన బండి మీద, ముందుచక్రం పక్కకి తిప్పి, కాళ్లు పైన పెట్టుకుని, ఊరికే నిలబడటం.

మొదటివారం పది సెకన్లు. ఆ పది సెకన్లలో బుర్రలో ఎన్ని పనులు పరిగెత్తేవో! పాప ఫీజు కాగితం, అత్తయ్య కళ్లమందు, ఇస్త్రీ. ఒక్కో పని గుర్తొచ్చినప్పుడల్లా బండి అటే ఒరిగేది. "చూపు ఒకచోట పెట్టు. అరికాళ్లతో విను," అనేది మేడమ్. అరికాళ్లతో వినడమేమిటో నెల గడిచాక తెలిసింది. బండి ఒరగబోయే ముందే కాలికింద చిన్న కదలిక తెలుస్తుంది. దానికి పెద్దగా ఏమీ చేయక్కర్లేదు, మోకాలు కాస్త సడలిస్తే చాలు. ఒకరోజు రెండు నిమిషాలు నిలబడ్డాను. ఏ పనీ గుర్తురాలేదు. దిగాక ఏడుపొచ్చింది. నలభై రెండేళ్ల మనిషిని, రెండు నిమిషాలు నా ఒంట్లో నేనున్నానని అంత ఏడుపా అని సిగ్గేసింది కూడా.

పోటీరోజు ఆయనే హెల్పర్‌గా వస్తానన్నారు. నిజం చెప్పాలి, సంతోషించాను. ఒకప్పుడు నేను తొడుక్కున్న పసుపుపచ్చ హెల్పర్ జాకెట్టు ఆయన తొడుక్కుంటే, ఇన్నేళ్లకి చోట్లు మారామని ముచ్చటేసింది. పాత రాతిక్వారీలో ఆరు సెక్షన్లు, మూడు రౌండ్లు. మొదటి రౌండులో ఐదో సెక్షన్ దగ్గర మూడు మార్కులు పడ్డాయి. ఎండిన వాగులోంచి నడుమెత్తు రాయి ఎక్కి, పైన బల్లంత చోటులోనే ఎడమకి తిరిగి దిగాలి. మిగతావి బాగానే వెళ్లాయి. "బానే ఉన్నావ్," అంది మేడమ్. ఆవిడ నోటినుంచి అది పెద్ద బిరుదే.

రెండో రౌండులో అదే రాయి ఎక్కాను. ఈసారి పైన ఆపాను. కాళ్లు పైనే ఉన్నాయి. బండి కొంచెం కుడికి వాలింది, తెలిసింది, మోకాలు సడలించాను, సర్దుకుంది. వాగూ, ఎండా, జనం, అన్నీ స్పష్టంగా కనిపించాయి. ఎడమకి దిగే దారి కనిపించింది. వేలు క్లచ్ మీద ఉంది. ఒక్క ఊపిరి తీసుకుని వదలబోతున్నాను.

ఆయన వచ్చి హ్యాండిల్ పట్టుకున్నారు.

జడ్జిగా నిలబడిన పెద్దాయన చెయ్యెత్తి ఐదు వేళ్లూ చూపించారు. "నేను పట్టుకోకపోతే ఈపాటికి కింద ఉండేదానివి," అన్నారు ఈయన, ఆయాసపడుతూ. తాళ్ల అవతల ఎవరో, "అదృష్టవంతురాలు, కంటికి రెప్పలా చూసుకుంటాడు," అన్నారు. జడ్జిగారు నా మార్కుల కార్డు తిరిగిస్తూ మెల్లగా, "రూలమ్మా, రాయక తప్పదు. నువ్వు పడవని నాకూ తెలుసు," అన్నారు.

కావాలని చేశారా? ఆ ప్రశ్న ఆరో సెక్షన్‌దాకా నాతో నడిచింది. కావాలని చేసి ఉంటే బాగుండు, పోట్లాడి ఊరుకునేదాన్ని. కానీ ఆయన మొహం చూశాను, నిజంగానే భయపడ్డారు. ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. నేను పడిపోవడానికీ, నిలబడి ఉండటానికీ తేడా ఆయనకి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఒక్కరోజూ రాలేదు. నాకు మాత్రం ఆయన ఒంటి ప్రతి వణుకూ తెలుసు. అది గుర్తొచ్చాక కోపం పోయి చాలా దిగులేసింది.

మూడో రౌండు మొదలయ్యేముందు, "ఆ జాకెట్టు ఇలా ఇవ్వండి," అన్నాను.

"ఎందుకు?"

"మా విభాగంలో హెల్పర్ ఉండి తీరాలని లేదు. మీరు తాళ్ల బయట ఉండండి."

"నలుగురిలో నా పరువు తీస్తావా? పడి కాలు విరగ్గొట్టుకుంటే రేపు ఎవరు చూస్తారు?"

"మిమ్మల్ని నేను చూసినట్టే, నన్ను మీరు."

ఆయన జాకెట్టు విప్పి నా చేతికివ్వకుండా రాయి మీద పడేశారు. నేను తీసి మడతపెట్టి మేడమ్‌కిచ్చాను. మడతపెట్టకుండా ఇవ్వడం ఇంకా రాలేదు నాకు.

ఐదో సెక్షన్. రాయి ఎక్కాను. ఆపాను. చుట్టూ జానెడు దూరంలో కాదుకదా, బారెడు దూరంలో కూడా ఏ చెయ్యీ లేదు. భయం వేసింది, లేదంటే అబద్ధం. భయపడుతూనే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు, నాకు కావలసినంతసేపు నిలబడ్డాను. ఎడమకి తిప్పి దిగాను. జడ్జిగారు పిడికిలి బిగించి పైకెత్తారు. అంటే సున్నా. ఎవరో చప్పట్లు కొట్టారు.

సాయంత్రం పేర్లు చదివారు. నలుగురిలో నేను లేను, ఐదోదాన్ని. నాలుగో అమ్మాయికీ నాకూ తేడా మూడు మార్కులు. రెండో రౌండులో పడ్డ ఆ ఐదు లేకపోతే నాలుగో పేరు ఎవరిదో అక్కడున్న అందరికీ తెలుసు. మేడమ్ దగ్గరికొచ్చి, "జట్టులో లేకపోయినా మంగళ, శుక్రవారాలు గేటు తీసే ఉంటుంది. పక్కన నీ సాధన నువ్వు చేసుకోవచ్చు," అని వెళ్లిపోయింది.

ఆయన బండిని వ్యానులోకి ఎక్కించి ఒకవైపు పట్టీ బిగిస్తున్నారు. రెండోవైపు పట్టీ ఎప్పటిలాగే నా కోసం వదిలారు. పొద్దుట్నించి లేని హుషారు ఆయన గొంతులోకి వచ్చింది. "పోనీలే, నీ ముచ్చట తీరింది. నా స్నేహితుడొకడు ఈ బండి ఎప్పట్నించో అడుగుతున్నాడు, రేపు ఫోన్ చేస్తాను," అన్నారు.

నేను పట్టీ అందుకుని బిగించాను. బండి అటూ ఇటూ కదలకుండా ఉందో లేదో ఊపి చూశాను.

"ఫోన్ చేయకండి. మంగళవారం నాకు బండి కావాలి."

ఆయన చేతులు ఆగిపోయాయి. బండి మీదుగా నా వంక చూశారు. నిజంగా అర్థం కానట్టు, దాదాపు బతిమాలుతున్నట్టు అన్నారు.

"అందరి ముందూ మాట ఇచ్చావు కదే!"

"ఇచ్చానండీ. తప్పుతున్నాను."