ఎర్ర తాడు

జర్మనీలో ఆర్ నది పొంగి ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చుకుపోయిన తర్వాత మూడో ఏడు. డార్మ్‌స్టాట్ బయట పార్సిళ్ళ గోదాములో, మిట్టమధ్యాహ్నం, భానుప్రియ చెయ్యి బెల్టు కింద ఇరుక్కుంది.

ఆ పిల్ల అరిచింది. సూపర్‌వైజర్ చూశాడు. బెల్టు ఆపలేదు. లారీ నిండే వేళ అది. పక్క వరసలోంచి విక్రాంత్ పరుగెత్తుకొచ్చి ఎర్ర తాడు లాగాడు. ప్రమాదమొస్తే లాగమని బెల్టు పొడవునా కట్టిన తాడే అది. బెల్టు ఆగింది. సూపర్‌వైజర్ వచ్చి వాడి గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. విక్రాంత్ చెయ్యి ఎత్తలేదు. నేను అక్కడే నేల తుడుస్తున్నాను. చూశాను.

"వీడే నన్ను కొట్టాడు" అని పోలీసులతో చెప్పాడు సూపర్‌వైజర్. ఎవరైనా చూశారా అని వాళ్ళు అడిగారు. వరస మొత్తం తమ బూట్ల వంక చూసుకుంది. తుడిచేవాణ్ణి, నన్నెవరూ అడగలేదు. వయసులో ఉండగా ఒక డాక్టరు గారింట వంటకు వచ్చి ఈ దేశంలోనే ముసలివాణ్ణయ్యాను. అడగనిదే మాట్లాడటం నాకు అలవాటు లేదు.

సాయంత్రం హాస్టల్ వంటగదిలో తెలుగువాళ్ళం అందరం కూడాము. విక్రాంత్‌ను వదిలిపెట్టారు కానీ పని పోయింది, కేసు ఉంది. వచ్చే వారమే వీసా టెర్మిన్, పొడిగింపుకు ఆఫీసులో హాజరు కావాల్సిన రోజు. కేసు నిలబడితే వీసా పోతుంది, చదువూ పోతుంది.

"జరిగిందంతా చెప్పిన," అన్నాడు వాడు. "సాక్షి ఎవరని అడిగిన్రు."

"అందరి వీసాలు గిట్లనే ఉన్నయ్," అన్నాడు ఆ వరసలోనే పనిచేసే జగన్మోహన్. "నేను నోరు తెరవ. నోరు మూసుకునే హక్కుంది నాకు. అమెరికా సినిమాల చూడలే? పోలీసోడే చెప్తడు."

అదే హాస్టల్లో ఉండే సహస్ర ఫ్రాంక్‌ఫర్ట్‌లో లా చదువుతోంది. అమెరికా రాజ్యాంగం మీదే ఆమె థీసిస్.

"ఆ హక్కు ఎవరికోసం పెట్టారన్నా? పోలీసులు పట్టుకున్నవాడికోసం. వాణ్ణి బెదిరించి వాడి నోటితోనే నేరం ఒప్పించకూడదని. ఇక్కడి చట్టమూ అంతే. అది విక్రాంత్ హక్కు. నువ్వు చూసినవాడివి, దాన్ని నువ్వు కప్పుకుంటే ఎలా?"

"పుస్తకాల ముచ్చట్లు చెప్పకు తల్లీ. నీకు స్కాలర్‌షిప్ ఉంది. నా రూమ్ మీటె, నెల నెలా కిరాయి, ఎవడు కడతడు?"

భానుప్రియ కట్టుకట్టిన చెయ్యి ఎత్తింది. "నేను స్పృహ తప్పి పడిపోయాను, లేకపోతే నేనే చెప్పేదాన్ని. ఈ చెయ్యి చూడన్నా. మొన్న నా సాంబారు మళ్ళీ మళ్ళీ పోయించుకున్నావు కదా? విక్రాంత్ తాడు లాగకపోతే గరిటె పట్టే చెయ్యే ఉండేది కాదు."

ఎవరో నవ్వారు. జగన్మోహన్ నవ్వలేదు.

"నేను చూశాను," అన్నాను.

అందరూ తిరిగారు. "తాతా! నీకు మాటలు గూడ వస్తయా?" అన్నాడు జగన్మోహన్.

"పొద్దున్నే స్టేషన్‌కు వస్తారా తాతా?" అంది సహస్ర.

"స్టేషన్‌లో నేనొక్కణ్ణే. ముసలాడికి చూపు ఆనదంటారు. గోదాములో అందరం ఉంటాం, అక్కడే చెబుతాను."

జగన్మోహన్ కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. వాడి వెనకే సగంమంది లేచారు. ఇది చదివే కూలన్నలూ, విద్యార్థులూ, భయం తప్పు కాదు. కానీ ఎవరి వరసలో వాళ్ళం భయపడుతూ నిలబడినంతకాలం బెల్టు యజమానులదే.

మర్నాడు పొద్దున బెల్టు కదిలింది. తుడుపుకర్ర గోడకు ఆనించి ఎర్ర తాడు లాగాను.

"ఎవడు?" అని సూపర్‌వైజర్ అరిచాడు.

"నేనే. పోలీసులను పిలువు. నిన్న నువ్వు చేసింది చెబుతాను," అన్నాను, నాకొచ్చిన జర్మన్‌లో.

ఎవరూ కదల్లేదు. అతను తాడు మీంచి నా చెయ్యి విడదీయబోయాడు. వరస చివర పార్సిలు కింద పడింది.

"నేన్గూడ జూసిన," అంటూ జగన్మోహన్ వరస దాటి వచ్చాడు. "ఆ ముసలాయనను వదులు."

పక్కన ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. నా చుట్టూ మనుషులు నిలబడ్డారు.

పోలీసులు వచ్చేదాకా నేను తాడు వదల్లేదు.