ముప్పై ఎనిమిది రోజుల నెల

మే రెండో తారీఖు మిట్టమధ్యాహ్నం వీరమ్మ ఇంటి కరెంటు కోశారు. నేను చూస్తూ నిలబడ్డాను. అలా నిలబడ్డందుకు సిగ్గుపడ్డాను గనుకే ఇదంతా చెబుతున్నాను.

నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే రోడ్డు పక్కన మా పేట. అరవై రెండు ఇళ్ళు, ఒక లూథరన్ చర్చి. మగవాళ్ళు చేలలోకో రొయ్యల చెరువుల మీదికో కూలికి పోతారు. ఆడవాళ్ళు ఏజెంటు ఇచ్చిన దారంతో లేసు అల్లుతారు. వీరమ్మకు అరవై ఏడేళ్ళు, భర్త లేడు. ఆ వేళ కొడుకు చెరువు కాపలాకు పోయాడు, కోడలు చంటిపిల్లతో లోపల ఉంది. లైన్‌మన్ నిచ్చెన దిగేసరికి ఫ్యాను ఆగిపోయింది, పిల్ల ఏడుపు అందుకుంది. వీరమ్మ అరుగు మీద కూర్చుని, అల్లిక ఆపకుండానే అడిగింది.

"రొయ్యలకి ఊపిరాడాలని ఆ చెరువుల్లో పగలూ రాత్రీ కరెంటు పెట్టి నీళ్ళు చిలుకుతున్నారు. మా పిల్లకి ఊపిరి అక్కర్లేదాండి?"

"నన్నడిగితే ఏం చెప్పనమ్మా. పదమూడొందల నలభై కట్టండి, సాయంత్రానికి కలిపేస్తాం," అన్నాడు లైన్‌మన్. ఆ మాట తల వంచుకునే అన్నాడు.

అప్పటిదాకా వీరమ్మకు సున్నా బిల్లు వచ్చేది. మా పేటలో ఇంటికి నెలకు రెండువందల యూనిట్లు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఒక్క యూనిట్ దాటితే మాత్రం మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. వీరమ్మ బిల్లులో రెండువందల ఇరవై నాలుగు ఉంది.

పక్కింటి ప్రిస్కిల్లా ముందు చేసిన పని, తన ఇంట్లోంచి ఒక వైరు లాగి వీరమ్మ ఫ్యానుకు తగిలించడం. తర్వాత ఇల్లిల్లూ తిరిగి, బిల్లులు తీసుకుని చర్చి వరండాలోకి రమ్మని పిలిచింది. ప్రిస్కిల్లా పిలిస్తే మా పేట వస్తుంది. లేసు కూలి పెంచమని ఏజెంటు గుమ్మం ముందు రెండుసార్లు బైఠాయించి, రెండోసారి పెంచుకుని వచ్చిన మనిషి ఆవిడ.

సాయంత్రం ఐదింటికి వరండా నిండిపోయింది. చూస్తే ఇరవై ఏడు ఇళ్ళు రెండువందలు దాటాయి.

"తప్పు మనదే," అన్నాడు సంఘపెద్ద చిట్టియ్య. వ్యవసాయ కూలి పనిలో ఆయన నడుం వంగింది గానీ గొంతు వంగలేదు. "మా నాన్న కిరసనాయిలు బుడ్డితో బతికాడు. మీకు ఇంటింటికీ ఫ్రిజ్జులు కావాల్సొచ్చాయి. వాడుకున్నాం, నోరు మూసుకుని కడదాం."

"ఇరవై ఏడు ఇళ్ళవాళ్ళమూ కూడబలుక్కుని ఒకే నెలలో వాడేశామా మావయ్యా?" అంది ప్రిస్కిల్లా.

"అయితే ఆ మీటరోడు దొంగ. వాడు దొరికితే తోలు తీస్తాను."

"తోలు తర్వాత తీద్దువుగాని. ముందు కాయితం చూద్దాం. మాస్టారూ, లెక్కలు చెబుతారుగా, చదవండి." ప్రిస్కిల్లా వీరమ్మ బిల్లును నా చేతిలో పెట్టింది.

నిజం ఒప్పుకుంటాను. నా పేరు డేనియల్. నరసాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. చక్రవడ్డీ నిద్రలో అడిగినా చెబుతాను. మా ఇంటి కరెంటు బిల్లు మాత్రం అడుగున ఉన్న అంకె చూసి, తిట్టుకుని, కట్టి పారేసేవాణ్ణి. చదువుకున్నవాడి బానిసత్వం ఇలాగే ఉంటుంది. ఆ సాయంత్రం మొదటిసారి ఒక్కో వరసా పైకి చదివాను. పాత రీడింగు, కొత్త రీడింగు, వాడిన యూనిట్లు, స్థిర చార్జీ, సర్దుబాటు చార్జీ. సర్దుబాటు అంటే ఏంటని ఒకామె అడిగింది. ఎప్పుడో వాడిన కరెంటుకు వాళ్ళ లెక్క తప్పితే ఇప్పుడు మన దగ్గర వసూలు చేయడం అన్నాను. లేసులోనూ ఏజెంటు లెక్క తప్పితే మా కూలే కోస్తాడు అని ఆమె గొణిగింది.

తేదీల దగ్గర ఆగిపోయాను. బిల్లులో ఏప్రిల్ పది అని ఉంది. అంతకుముందు రీడింగు ఎప్పుడు తీశారో చెప్పే గడి ఖాళీ. పాత బిల్లులేమో అక్షరాలు వెలిసిపోయి తెల్లకాయితాలయ్యాయి.

"ఇది ఎన్ని రోజుల వాడకమో తెలిస్తే గాని ఏమీ చెప్పలేను," అన్నాను.

"నేను చెబుతాను," అంది వీరమ్మ. "అంతకుముందు మీటరు మనిషొచ్చిన రోజే కొత్త బల్లగుడ్డ మొదలెట్టాను. బల్లగుడ్డకి నూటిరవై పువ్వులు. నేను రోజుకి నాలుగే అల్లుతాను. అది పూర్తిచేసి ఇచ్చేసి, రెండోదానికి పన్నెండు పువ్వులయ్యాక ఈ బిల్లు చేతికొచ్చింది."

సుద్దముక్కతో గచ్చు మీద లెక్క వేశాను. నూట ముప్పై రెండు పువ్వులు. నాలుగుతో భాగిస్తే ముప్పై మూడు రోజులు. ముప్పై రోజులకు కుదించి చూసినా రెండువందల మూడు.

"లాభం లేదు. అలా చూసినా దాటుతోంది. కట్టాల్సిందే," అన్నాను.

చిట్టియ్య నేను చెప్పలేదా అన్నట్టు తలాడించాడు. ఆడవాళ్ళు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"మాస్టారూ, ఆదివారం పూట మేం సూది ముట్టుకుంటామాండి?" అంది వీరమ్మ.

చర్చి వరండాలో కూర్చుని ఆదివారాలు మర్చిపోయాను. మా అమ్మ కూడా లేసు అల్లిన మనిషే, ఆదివారం దారపుండ బీరువాలో పెట్టి తాళం వేసేది. ఐదు ఆదివారాలు కలిపాను. ముప్పై ఎనిమిది. మళ్ళీ కుదించాను. నూట డెబ్బై ఆరు వచ్చింది. ఆ ఇంటికి రావాల్సింది సున్నా బిల్లే. ఒక్కో బిల్లూ అలాగే కుదిస్తూ పోయాను. ఇరవై ఏడులో ఒక్కటి కూడా రెండువందలు దాటలేదు.

"ముప్పై ఎనిమిది రోజుల నెల ఏ కేలెండర్లో ఉందండి?" అంది ప్రిస్కిల్లా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఉదయం రీడింగు తీసే జయపాల్ పక్క ఊరికి పోతూ మా రోడ్డున పడ్డాడు. నలభై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పేటంతా బండికి అడ్డం నిలబడింది. చిట్టియ్య అతని కాలరు పట్టుకున్నాడు.

"కొట్టండి," అన్నాడు జయపాల్. "నాలుగు నెలలుగా జీతం రాలేదు. దెబ్బలైనా రానివ్వండి."

చిట్టియ్య చెయ్యి ఆగింది.

"పదిమందిమి ఉండేవాళ్ళమండి. కాంట్రాక్టరు ఏడుగుర్ని తీసేశాడు. ఏడుగురి జీతం ఆయన జేబులోకి, ఏడుగురి పని మా ముగ్గురి నెత్తిన. ముప్పయ్యో రోజుకి ఎక్కడొస్తాను? ఆలస్యమైంది, రోజులు లెక్కగట్టి తగ్గించండని ఆఫీసులో అడిగాను. మిషన్ కొట్టిందే బిల్లు, నీకెందుకురా అన్నారు." జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. మా పేట పేరుకు ఎదురుగా రెండు తేదీలున్నాయి, మార్చి మూడు, ఏప్రిల్ పది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. సరిగ్గా ముప్పై ఎనిమిది రోజులు.

"చెయ్యి తియ్యి మావయ్యా," అంది ప్రిస్కిల్లా. "ఇతని కడుపు కొట్టినవాడి లాభం కోసమే మన వైరు కోశారు. ఇద్దరం ఒకే కత్తి కింద ఉన్నాం. ఈ పుస్తకం పట్టుకుని మాతో వస్తావా జయపాల్?"

"వస్తే ఉద్యోగం పోద్దండి."

"జీతం లేని ఉద్యోగమేగా."

జయపాల్ బండికి స్టాండు వేశాడు.

సోమవారం నూటపాతికమందిమి కరెంటాఫీసుకు వెళ్ళాం. ఆడవాళ్ళు వరండాలో బారుగా కూర్చుని లేసు తీశారు. ఎన్ని గంటలైనా కూర్చోగలరని ఆ సూదులే చెప్పాయి. పన్నెండింటికి ఇంజనీరు బయటకు వచ్చాడు. వీరమ్మ పువ్వుల లెక్క చెప్పింది, జయపాల్ తేదీలు చూపించాడు.

"పువ్వుల లెక్క కంప్యూటర్ ఒప్పుకోదమ్మా," అన్నాడు ఇంజనీరు.

"కంప్యూటర్‌కి ఆకలేస్తే కదండి లెక్క తెలిసేది," అంది వీరమ్మ.

"రూలు ప్రకారం ముందు కట్టండి, తర్వాత అర్జీ పెట్టుకోండి."

"ముప్పై రోజులకి రీడింగు తియ్యమనేది కూడా రూలే కదండి. ఆ రూలు మీరు పాటించాక ఈ రూలు మాకు చెప్పండి," అంది ప్రిస్కిల్లా. "లెక్క సరిచేసేదాకా ఇరవై ఏడు ఇళ్ళవాళ్ళమూ కట్టం. ఇంకో వైరు కోయడానికి వస్తే స్తంభం చుట్టూ మేముంటాం."

ఆ సాయంత్రమే జయపాల్‌ను పనిలోంచి తీసేశారు. బుధవారం పొద్దున్న పోలీసు జీపు పేటలోకి వచ్చింది.

ఎస్సై వీరమ్మ గుమ్మానికి వేలాడుతున్న వైరు చూపించి, "ఇది ఎవరిది? కరెంటు దొంగతనం కేసు," అన్నాడు.

"నా మీటరు, నా కరెంటు. నాది నేను ఇవ్వడం దొంగతనం ఎలాగవుద్దండి?" అంది ప్రిస్కిల్లా.

"కోసిన ఇంటికి ఇవ్వడమే నేరం. జీపెక్కు."

ఎవరూ పిలుపివ్వలేదు. ఆడవాళ్ళు ఇళ్ళలోకి వెళ్ళారు. భయపడ్డారనుకుని నా మనసు చివుక్కుమంది. అంతలో ఒక్కొక్కరే బయటికి వచ్చారు, చేతుల్లో వైర్లతో. అందినవాళ్ళు తమ ఇంట్లోంచి వీరమ్మ గుమ్మం దాకా లాగారు. అందనివాళ్ళు వైరు చుట్ట తెచ్చి అరుగు మీద పడేశారు. చివరగా చిట్టియ్య, తన ఇంటి ఎక్స్‌టెన్షన్ బాక్సు మోసుకుని వచ్చాడు.

"నాదీ రాసుకోండి. అరవై రెండు ఇళ్ళండి. జీపు సరిపోదు, లారీ తెప్పించుకోండి," అన్నాడు.

ఎస్సై వైర్ల గుట్ట వైపు చూసి, వాటిని ముట్టుకోకుండా ప్రిస్కిల్లాను మాత్రం ఎక్కించుకున్నాడు. జీపు కదులుతుంటే ఆవిడ నన్ను పిలిచి, "శనివారానికి రీడింగు తీసి ముప్పై రోజులు మాస్టారూ. మన మీటర్లు మనమే చదవాలి, నేను లేనని ఆపకండి," అంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. దాచుకోలేదు.

శనివారం పేట తన మీటర్లు తానే చదివింది. జయపాల్ ముందు నడిచి ఏ అంకె చూడాలో నేర్పాడు. ప్రతి ఇంటివాళ్ళూ తేదీ, యూనిట్లు అట్టముక్క మీద రాసి లేసు దారంతో మీటరుకు కట్టారు. ప్రిస్కిల్లా ఇంకా రిమాండులోనే ఉంది. ఆవిడ మీటరు చిట్టియ్య స్టూలెక్కి చదివాడు. ఒక్క ఇల్లు కూడా రెండువందలు దాటలేదు. వీరమ్మ చచ్చుబడిన తన మీటరుకు కూడా అట్ట కట్టించింది. దాని మీద నా చేత, "ఇది ఆగలేదు, ఆపారు" అని రాయించింది. గుమ్మానికి వైర్లు అలాగే వేలాడుతున్నాయి, లోపల ఫ్యాను తిరుగుతోంది.

మధ్యాహ్నం నా ఫోను మోగింది. మొగల్తూరు దగ్గర ఇంకో పేట నుంచి ఎవరో అమ్మాయి. వాళ్ళ దగ్గరా ముప్పై ఇళ్ళు రెండువందలు దాటాయట, వాళ్ళలోనూ లేసు అల్లేవాళ్ళున్నారట, రోజులు ఎలా లెక్కపెట్టారో చెప్పమని అడిగింది. నేను వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. వీరమ్మ సూది ఆపి నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"మీ పువ్వులు లెక్కపెట్టుకోండమ్మా," అంది. "ఆదివారాలు మాత్రం మర్చిపోకండి. మా మాస్టారు మర్చిపోయారు."